తలుపు తీయని తప్పు

పుంగనూరు బస్టాండు వెనక సందులో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపే ముద్దుకృష్ణకు ఇంకొకరు చేసిన వైరింగు చూస్తే చాలు, వాంతికొచ్చినట్టుండేది. కుప్పంలో గంగులయ్య మేస్త్రీ దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చినవాడు. అతుకు సరిగా పడకపోతే ఆ ముసలాయన వైరుతోనే చేతిమీద వాత పెట్టేవాడు. ఆ వాతల పుణ్యమాని ముద్దుకృష్ణకు పనితో పాటు పొగరూ అబ్బింది. చుట్టుపక్కల మెకానిక్కులందరూ ఆయన నోట మురికినాయాళ్లే.

2003లో మదనపల్లె టమేటా మార్కెట్లో మండీ నడిపే నారాయణస్వామి తన తెల్ల కారుకు బెంగుళూరులో దొంగల అలారం పెట్టించుకొచ్చాడు. రిమోటు నొక్కి పోయాక ఎవరైనా తలుపు తీస్తే సైరను మార్కెట్టంతా మోగేది. మొదటి వారం జనం వింతగా చూశారు. రెండు నెలలు తిరిగేసరికి అదే జనం చెవులు మూసుకుని తిట్టుకోసాగారు. ఎవరూ ముట్టకుండానే కారు కూతపెట్టేది. వేలంపాట జోరుగా సాగే వేళకు తప్పకుండా అందుకునేది.

ఒకరోజు నారాయణస్వామి పుంగనూరుకు ఫోను చేశాడు.

"ముద్దుకృష్ణా, కారు ఊరికే అరస్తాండాదప్పా. ఆపినాక లోపల ఎర్ర లైటు మూడుసార్లు మిణుకుతాది. ఏంది దాని కత?"

ముద్దుకృష్ణ ముందర ట్రాక్టరు డైనమో విప్పి ఉంది. రిసీవరు భుజానికీ చెవికీ నడుమ ఇరికించుకుని, తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"మూడుసార్లంటే తలుపు తీసినారని సామీ."

"తీయకనే తీసినట్టు చెప్తాదా?"

"దానికి అబద్ధం చెప్పే పనేముండాది? అది మనిషా ఏమన్నానా? తాళం ఇంకెవరి దగ్గరుండాదో సూసుకోండి."

అంతే. నవ్వి పెట్టేశాడు. మళ్లీ డైనమోలో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

రెండో తాళం ఉన్నది డ్రైవరు మునెప్ప దగ్గర. నిమ్మనపల్లె మనిషి. ఆరేళ్లుగా ఆ కారు తోలుతున్నాడు. మర్నాడు మండీ నిండా జనం ఉండగా నారాయణస్వామి అతని చేతిలో తాళం లాక్కుని, "పుంగనూరు ముద్దుకృష్ణే చెప్పినాడు. తలుపు తీస్తాండేది నువ్వేరా దొంగనాయాలా" అన్నాడు. మునెప్ప నోరు తెరిచేలోపు మెడబట్టి గేటు బయటికి నెట్టించాడు. ఆ తర్వాత మదనపల్లెలో గానీ బి.కొత్తకోటలో గానీ ఎవరూ అతనికి బండి తాళం ఇవ్వలేదు.

డ్రైవరు పోయాడు గానీ కూత పోలేదు. మునెప్ప మారు తాళం చేయించుకున్నాడని కొన్నాళ్లు తిట్టాడు నారాయణస్వామి. ముగ్గురు మెకానిక్కులకు చూపించాడు. చివరికి నాలుగు నెలలయ్యాక కారును తనే తోలుకుని పుంగనూరు వచ్చాడు.

తలుపు తీయగానే ముద్దుకృష్ణ ముక్కు మూసుకున్నాడు. లోపల మురిగిన టమేటా కంపు. దానికింద ఇంకేదో కంపు.

"సరుకు దీంట్లోనే వేసుకుని తిరుగుతాండారా సామీ?"

"శాంపిలు బుట్టలప్పా. శెనక్కాయ మూటలు కూడా. దానికోసం ఇంకో బండి పెట్టల్లా?"

డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూశాడు ముద్దుకృష్ణ. ముగ్గురు మెకానిక్కుల చేతిపని అక్కడే ఉంది. రాగి తీగలను ఉత్తినే మెలిపెట్టి వదిలేశారు. ఒకడు టేపు లేక గాయానికి కట్టే ప్లాస్టరు చుట్టాడు. ఇంకొకడు పొగాకు నములుతూ పని చేశాడేమో, ఎర్రటి ఉమ్మి మరకలు ఎండిపోయి ఉన్నాయి. "థూ! వీళ్ల చేతులిరగ" అంటూ అన్నీ కోసి మళ్లీ అతికాడు. అయినా సైరను మోగింది.

అదురును పసిగట్టే సెన్సారు వైరు పీకాడు. మోగింది. బ్యాటరీకి మీటరు పెట్టాడు. బాగుంది. నాలుగు తలుపుల స్విచ్చులూ ఒకదాని తర్వాత ఒకటి విప్పేశాడు. అన్నీ విప్పాక తలుపు తీశారని చెప్పేందుకు ఇంక ఏమీ మిగలకూడదు. అంతలో సందులో ఇటుకల లారీ పోయింది. నేల అదిరింది. సైరను ఊళపెట్టింది. ఎర్ర లైటు మూడుసార్లు మిణుక్కుమంది.

అంటే తప్పు స్విచ్చులో లేదు, అక్కడి నుంచి వైరు వచ్చే దారిలో ఉంది. వెనక సీటు విప్పి, కింద పరిచిన మ్యాటు పట్టి లేపాడు.

గుప్పుమని కొట్టిన కంపుకు నారాయణస్వామి వీధిలోకి పరుగెత్తాడు. ముద్దుకృష్ణ కాలువ దగ్గర కూర్చుని పొద్దున తిన్నది కక్కాడు. తుండు ముక్కుకు కట్టుకుని మళ్లీ వచ్చి చూశాడు. శెనక్కాయ పొట్టు, కొరికిన గోనెపీలికలు, టమేటా తోలు, వాటి మధ్య ఎలుక గూడు. చచ్చిన తల్లి, దాని పక్కన నల్లగా ఎండిన పిల్లలు. తలుపుల నుంచి వచ్చే వైరు ఆ గూట్లోంచే పోతోంది. రెండంగుళాల మేర తొడుగంతా కొరికేసి రాగి బయటపడింది. పక్కన లారీ పోయినప్పుడల్లా ఆ రాగి కారు రేకుకు తగులుతోంది. తలుపు తీసినప్పుడు స్విచ్చు చేసే పనీ అదే కాబట్టి, తగిలితే చాలు, తలుపు తీసినట్టే లెక్క.

ముద్దుకృష్ణకు మదనపల్లె గుర్తొచ్చింది. మార్కెట్లో రోజంతా లారీలే.

"ఎలక సామీ. తలుపు ఎవురూ తీయలేదు. మునెప్ప తీయలేదు."

నారాయణస్వామి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే, "సరే, ఆ గలీజు పారేసి కొత్త వైరెయ్యి. ఆ మాట ఆడా ఈడా అనబాక. అయిపోయిందేదో అయిపోయె" అన్నాడు.

"ఆ మనిషి బతుకు?"

"నువ్వు చెప్పిందే కదప్పా నేను నమ్మింది?"

ముద్దుకృష్ణ వైరు మార్చాడు, లోపలంతా ఫినాయిలు పోసి కడిగాడు, కారు పంపేశాడు. సబ్బుతో మూడుసార్లు చేతులు తోముకున్నా కంపు పోలేదు. ఎలుకది కాదు ఆ కంపు అని ఆయనకు తెలుసు. ముగ్గురు మెకానిక్కులు కనీసం వంగి చూశారు. ఫోను వచ్చిన రోజు తను అదీ చేయలేదు.

మునెప్ప కుప్పంలో రాళ్లు కోసే ఫ్యాక్టరీలో ఉన్నాడని వాకబు చేసి, ఆదివారం బస్సెక్కాడు. రేకుల షెడ్డు ముందర మునెప్ప తెల్లటి రాతిదుమ్ము కొట్టుకుని కూర్చున్నాడు. ముద్దుకృష్ణ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. మునెప్ప పెండ్లాం మునీశ్వరి గడపలో నిలబడి విన్నది.

"మా పుట్టింటోళ్లే మేం పోతే బీరువా తాళం కొంగులో ముడేసుకుంటాండారన్నా" అన్నదామె. "ఎలకంట ఎలక! ఈ మాట మోసుకుని ఈడికి ఎందుకొచ్చినావు?"

మునెప్ప ఆమెను వారించలేదు. "ఒక్క తూరి వంగి సూసింటే సరిపోయుండు గదన్నా" అన్నాడు. "నాకు చెప్పి ఏం లాభం? మండీలో చెప్పు."

మంగళవారం వేలంపాట జోరుగా సాగుతున్నప్పుడు ముద్దుకృష్ణ మదనపల్లె మండీలో ఖాళీ బుట్ట బోర్లించి దానిమీదికెక్కాడు. "మునెప్ప దొంగ కాదు. కారులో వైరు ఎలక కొరికింది. సూడకుండా నోరు పారేసుకునింది నేను" అని అరిచాడు. నారాయణస్వామి మొహం నల్లబడింది. "దిగరా నాయాలా" అని ఎగబడ్డాడు.

జనం మాత్రం నవ్వారు. "ఎలకను పెట్టుకోండి సామీ డ్రైవరుగా" అన్నాడొకడు. ఇంకొకడు ఎలుకలా కిచకిచలాడాడు. మునెప్పను గేటు బయటికి నెట్టిన చేతులు కూడా అక్కడే చప్పట్లు కొడుతున్నాయి. ఒక్కడంటే ఒక్కడు అయ్యో అనలేదు. ముద్దుకృష్ణ బుట్ట దిగి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు.

గేటు దగ్గర రంగనాయకమ్మ ఆపింది. భర్త పోయాక ఆయన మండీని తనే నడుపుతున్న మనిషి. ఆమె నవ్వలేదు.

"ఆ పిల్లోడు ఇప్పుడు యాడుంటాడో చెప్పు నాయనా. నా లారీకి మనిషి కావల్ల" అన్నది.

వారం తిరక్కుండానే మునెప్ప ఆమె లారీ ఎక్కాడు. నారాయణస్వామి అతన్ని ఎప్పుడూ పిలవలేదు, క్షమించమని అడగనూ లేదు. పుంగనూరు మీదుగా మద్రాసుకు టమేటా లోడుతో పోయేటప్పుడు మునెప్ప బస్టాండు దగ్గరే టీకి ఆపేవాడు. సందు మొదట్లో నిలబడి టీ తాగేవాడు. ముద్దుకృష్ణ షాపులోంచి చూస్తూ ఉండేవాడు. ఎన్నో ఏళ్లు అట్లాగే గడిచాయి. మునెప్ప ఒక్కసారీ ఆ సందులోకి రాలేదు. ముద్దుకృష్ణ కూడా రమ్మని పిలవలేదు, పిలిచే మొహం తనకు లేదని.