పొయ్యికిచ్చిన బెల్లం

సెంబవాంగ్‌లో తెల్లదొరల కాలం నాటి బంగళా ఒకటి బాగుచేయిస్తూ, హాలు గోడలోని చలిమంట పొయ్యి ఇటుకలను ఊడదీసి మళ్లీ కట్టిస్తున్నాం. ఏడాది పొడుగునా చెమటలు పట్టే సింగపూరులో చలిమంట ఎందుకు కావలసి వచ్చిందో ఆ కట్టించిన దొరకే తెలియాలి. సిమెంటు పెడితే పాత ఇటుక పగులుతుందని సున్నంతోనే గార కలిపిస్తున్నాం. ఈరోజు అందులో బెల్లం నీళ్లు పోయగానే లేచిన వాసన నన్ను అనంతపురంలోని మా పెరట్లోకి తీసుకుపోయింది.

ఆ పెరట్లో ఇంటిల్లిపాదికీ నీళ్లు కాగే ఇటుకల పొయ్యి ఉండేది. వానలకు తడిసి, రాగి కాగు బరువుకు కుంగి, కట్టెలు కుక్కిన చోటల్లా పెచ్చులూడి, దీపావళి దగ్గరపడేసరికి అది ముసలివాళ్ల పళ్ల వరసలా తయారయ్యేది. వంటింట్లో అవ్వ అత్తిరసాలకు పాకం పడుతుంటే, పెరట్లో తాత పంచె ఎగ్గట్టి, ఇటుకల మసి గీకి నీళ్లలో నానబెట్టి, పిల్లలమైన మా చేత ఇసుక జల్లెడ పట్టించి గార కలిపేవాడు. బెల్లం పడందే ఇటుక పట్టుకోదని ఆయన వాదన.

తాతకు షుగరు. అత్తిరసం మాట అటుంచి కాఫీలో చక్కెర కూడా అవ్వ పడనిచ్చేది కాదు. తీపంటే ప్రాణం పెట్టే ఆ మనిషి, గార కోసం అవ్వ ఇచ్చిన బెల్లం చేతికి రాగానే మా వైపు వీపు తిప్పి చాలాసేపు నలగ్గొట్టేవాడు. పొయ్యికి అందేది సగమే. మీసానికి అంటిన పొడి మాకు కనిపించినా అవ్వకు చెప్పేవాళ్లం కాదు. చెబితే మరుసటేడు ఆయనకు ఆ కాస్త తీపీ ఉండదని మా భయం.

ఒక ఏడు సరిగ్గా అదే సమయానికి అవ్వ మజ్జిగ చెంబుతో పెరట్లోకి వచ్చింది. తాత బుగ్గ ఉబ్బి ఉంది. అవ్వ నానబెట్టి తీసిన ఇటుకలను తడిమి చూసి నిదానంగా అడిగింది.

"బెల్లం చాలిందా? చాలకుంటే ఇంగొంచెం ఇస్తా. పొయ్యి గట్టిగా ఉండాల గదా."

తాత మాట్లాడే స్థితిలో లేక తలూపాడు. ఆ పూట ఆయన విస్తట్లో అన్నం మాత్రం సగానికి తగ్గింది. అంతకు మించి ఆ ఇంట్లో దాని గురించి మాటే రాలేదు.

గీజరు వచ్చాక ఆ పొయ్యిని తీసేశారు. అవ్వా లేదు, తాతా లేడు. కట్టెల పొగ పట్టిన తలంటు నీళ్ల వాసన ఎలా ఉంటుందో ఇక్కడ బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో పుట్టి పెరిగిన నా కూతురికి చెప్పడం నా వల్ల కాలేదు. నాకూ నిరుడు షుగరు బయటపడింది, మా ఇంట్లోనూ బెల్లం డబ్బా పై అరకెక్కింది. తాత సంగతి మా ఆవిడకు పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. ఈ ఉదయం గార కోసం గుప్పెడు బెల్లం అడిగితే ఆమె ఓ టిఫిన్ డబ్బా నింపి ఇచ్చింది.

"టూ మచ్ లా అమ్మా, గోడకి అంత ఎందుకు?" అంది కూతురు తన సింగపూరు యాసలో.

"గోడకేలే," అని మా ఆవిడ మూత బిగించింది.

గారకు వేయగా డబ్బా అడుగున ఒక ముక్క మిగిలింది. పనివాళ్ల వైపు వీపు తిప్పి నిలబడ్డాను.