తినని బాతులు బరువెక్కిన వేసవి

ఆమెను అందరూ బాతులక్క అనేవారు. పశువుల పరిశోధనా కేంద్రంలోని బాతుల షెడ్డులో పదకొండేళ్లుగా పని. మేత తూచి పోయడం, నీళ్లు మార్చడం, తడిసిన పొట్టు ఎత్తేసి కొత్తది పరచడం, అన్నీ ఆమె చేతిమీదుగానే జరిగేవి.

ఆ వేసవిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ షెడ్డు మధ్యలో వల కట్టించింది. ఎడమవైపు యాభై బాతులకు నూనె కలిపిన బలమైన మేత, కుడివైపు యాభైకి మామూలు మేత. వేడికి ఏవి బాగా తట్టుకుంటాయో చూడాలట.

"అక్కా, ఇటు మేత అటు పోకూడదు. అంతే."

"అలాగే మేడమ్."

నాలుగో రోజుకే బాతులక్కకు తికమక మొదలైంది. రేకుల కింద గాలి ఆడడం లేదు. కుడివైపు బాతులు ముక్కులు తెరిచి రొప్పుతూనే తొట్టి ఖాళీ చేస్తున్నాయి. ఎడమవైపువి నాలుగుసార్లు పొడిచి నీళ్ల దగ్గర కూలబడుతున్నాయి. తీరా తూస్తే ఆ తిననివే బరువెక్కుతున్నాయి. ఇదెక్కడి విడ్డూరం!

ఇంటికెళ్లి మొగుడితో చెప్పింది. ఆయన వెల్డింగ్ పని చేస్తాడు.

"ఎండలో పనిచేసొస్తే నాకూ ముద్ద దిగదు. వాటికీ అంతేనేమో."

"మరి పక్కనున్న వాటికి ఎండ లేదా?"



ఆరో రోజు ఎడమవైపు ఒక బాతు చచ్చిపోయింది. మేత సయించకే పోయిందని బాతులక్క గుండె చెరువైంది. మర్నాటినుంచి రెండు మేతలూ కలిపేసి ఇరువైపులా పోసింది. మేత లెక్కలు రాసే పుస్తకంలో మాత్రం ఎప్పటిలాగే వేరువేరుగా రాసింది.

రెండు వారాల తర్వాత డాక్టరమ్మ బాతుల్ని తూచింది. రెండువైపులా పెరుగుదల ఒక్కటే. కాటా తుడిచి మళ్లీ తూచింది. పుస్తకం తిరగేసింది.

"ఈ బాతులు నాకు పిచ్చెక్కించేలా ఉన్నాయి."

బాతులక్క చేతిలోని బకెట్టు కింద పెట్టింది. "తప్పు వాటిది కాదు మేడమ్, నాది," అని జరిగిందంతా చెప్పేసింది.

డాక్టరమ్మ మేత బస్తా మీద కూలబడింది. "ఎందుకు చేశావక్కా?"

"తినట్లేదు మేడమ్. చూస్తూ ఎలా ఊరుకోను?"

"నూనె మేత కొంచెం తిన్నా సరిపోతుంది. దాన్ని అరిగించుకోడానికి ఒంట్లో వేడి కూడా తక్కువే పుడుతుంది."

"అయితే మంచిదే కదా. మరి ఆ బాతెందుకు పోయింది?"

"కోసి చూశాను. లివరుకు బాగా కొవ్వు పట్టింది."

"అయితే చెడ్డదా?"

డాక్టరమ్మ పుస్తకం మూసేసింది. "ఒక్క బాతును చూసి చెప్పలేనక్కా. నాకూ తెలీదు. తెలుసుకుందామనే ఇదంతా."

తిట్టి ఉంటే బాతులక్క తట్టుకునేదే. అంత చదువుకున్నావిడ తెలీదనేసరికి కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

ఎండలు తగ్గకముందే కొత్త బాతు పిల్లల్ని తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. పని ఆమెకే ఇచ్చారు. మేత కలిపేయాలని చేతులు లాగుతున్నా ఈసారి ఒక్క గింజ కూడా అటూ ఇటూ చేయలేదు. ఎడమవైపు బాతులు తక్కువ రొప్పాయి, ఎక్కువ పెరిగాయి. కొన్నింటిని కోసి చూస్తే కడుపులో కొవ్వు కూడా ఎక్కువే తేలింది.

"ఇంతకీ ఆ మేత మంచిదా, కాదా మేడమ్?"

"నూనె కాస్త తగ్గించి చూడాలి."

"ఎంత తగ్గించాలి?"

"అదీ తెలీదక్కా," అని డాక్టరమ్మ నవ్వింది. బాతులక్కకు నవ్వాలో వద్దో తెలియలేదు. చీపురు తీసుకుని కుడివైపు ఊడవడానికి వెళ్లింది.