పెన్సిలిన్ పడని సన్నాయి విద్వాంసుడు

డాక్టరుగా నా మొదటి ఉద్యోగం నెల్లిమర్లలో. అరవైల చివరి రోజులు. చిన్న ఆసుపత్రి, నాలుగు మంచాలు, తల నెరిసిన కాంపౌండరుగారు, అప్పుడే చదువు ముగించుకొచ్చిన నేను.

ఒక ఉదయం ఎడమ దవడ నుంచి మెడ దాకా వాచిపోయిన ఒకాయన భార్యతో వచ్చాడు. సన్నాయి విద్వాంసుడట. అందుకే దారిలో ఎవరూ జాలిపడలేదు. "బుగ్గలో గాలి వొదలడం మరిసిపోనావేటి మావా?" అని అడిగారట. ఆ మాట చెప్పి భార్య నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు. నోట్లో రెండు వేళ్లు పట్టడమే కష్టంగా ఉంది.

పుచ్చిన దవడపన్ను కింద చీము పట్టింది. జ్వరం కూడా ఉంది. ఆ వాపు గొంతు చుట్టూ పాకితే ఊపిరాడదు. నాలుక కింద నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. నీళ్లిస్తే మింగాడు. కాస్త ధైర్యం వచ్చింది.

కాంపౌండరుగారు అప్పటికే సిరంజి మరగబెట్టి పెన్సిలిన్ సీసా తీశారు. అది చూసి సన్నాయి ఆయన కుర్చీలోంచి గభాలున లేచాడు.

"ఆ సూది నాకొద్దు!"

"ఎందుకు? ఏమైంది?" అన్నాను.

భార్య అందుకుంది. "ఏటయిందేటమ్మా! కళింగపట్నంలో పెళ్లికెల్తే కాల్లో మేకు దిగినాది. ఆ సూదే ఏసినారు. సూస్తండగానే ఒల్లంతా దద్దుర్లు. పెదాలు ఇంతేసి అయిపోనాయి. ఊపిరాడక కిందడిపోనాడు. మరో సూది ఏసి ఎలాగో బతికించినారు."

"చర్మం కింద ఒక్క చుక్క వేసి, పడుతుందో లేదో చూద్దామమ్మా" అన్నారు కాంపౌండరుగారు.

"వద్దండీ. ఈయనకి ఆ చుక్క కూడా ప్రమాదమే."

మా నాన్న వయసు మనిషికి ఎదురు చెప్పాను. ఆయన నన్నొకసారి చూసి, సీసా మళ్లీ బీరువాలో పెట్టేశారు.

మరి ఏమివ్వాలి? లోపలికెళ్లి నా పాఠ్యపుస్తకం తెరిచాను. సల్ఫా మాత్రలున్నాయి కానీ చీములో అవి పనిచేయవు. క్లోరాంఫెనికాల్ ఒక్కోసారి రక్తాన్నే దెబ్బతీస్తుంది. టెట్రాసైక్లిన్‌కి చాలా క్రిములు లొంగడం మానేశాయి. ఎరిత్రోమైసిన్ పెన్సిలిన్ జాతిది కాదు, అయినా ఇంచుమించు అవే క్రిములను అణుస్తుంది. ఇదే సరైనదనుకున్నాను. కానీ మా దగ్గర లేదు. విజయనగరంలో దొరుకుతుంది.

మందు పేరు రాసిచ్చిన చీటీని భార్య మడిచి కొంగున ముడేసుకుంది. "నానెల్లి తెస్తాను. నువ్వు ఆ సీము సంగతి సూడమ్మా."

చీము పోకపోతే ఏ మందూ పనిచేయదు. కాంపౌండరుగారు ఆయన తల కదలకుండా పట్టుకున్నారు. చిగుళ్లు మొద్దుబారడానికి సూది తీస్తే ఆయన అనుమానంగా చూశాడు.

"ఇదేటి?"

"అది కాదు మావయ్యా. నొప్పి తెలియకుండా ఉండడానికి."

గాటు పెట్టగానే చీము జారింది. ఆయన ముఖం తేటపడింది. మధ్యాహ్నం బస్సుకి భార్య మాత్రలతో దిగింది. ఆరు గంటలకొకటి. "కడుపులో తిప్పతన్నాది" అని విసుక్కుంటే గంజితో ఇమ్మన్నాను. మూడో రోజుకి మెడ మామూలైంది.

"ఆకలేస్తన్నాదమ్మా!" అన్నాడు. ఆ మాటకి నేనే ముందు నవ్వాను. నోరు బాగా తెరుచుకున్నాక పన్ను కూడా తీసేశాం.

కాంపౌండరుగారు నన్నడిగి ఆ మందు పేరు బీరువా తలుపు మీద సుద్దతో రాసుకున్నారు. అది నాకు దొరికిన మొదటి మెప్పు.

వాళ్లు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో "ఈయనకు పెన్సిలిన్ ఇవ్వరాదు" అని రాసి, ఎప్పుడూ జేబులో ఉంచుకోమన్నాను. కొన్ని నెలలకు భోజనానికి పిలిస్తే వాళ్లింటికెళ్లాను. ఆ కాగితం అద్దం పటంలో, దేవుడి పటాల పక్కన, కుంకుమ బొట్టుతో వేలాడుతోంది.

"జేబులో పెట్టుకోమన్నాను కదా!" అన్నాను.

"సెమటకి సిరిగిపోదేటమ్మా?" అంది ఆవిడ, నాకు ఇంకో గరిటె పప్పు వడ్డిస్తూ.

భోజనం అయ్యాక ఇంకో కాగితం అడిగి, మళ్లీ రాసి, ఈసారి ఆయన జేబులో నేనే పెట్టాను.