పదును చూసే చెయ్యి

మా ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదికి ఊరి బయటి రిసార్టు ప్రకటన పని వచ్చింది. షూటింగ్‌కి నేనూ వెళ్ళాను. రిసార్టులోని మెట్ట చెలకలో నాగలి పట్టిన ఒక పెద్దాయన కనిపించాడు. ఆ చెలకలో ఒకప్పుడు జొన్నలు పండించినవాడు, ఇప్పుడు జూబ్లీహిల్స్ కుటుంబాలు ఫొటోలు దిగడానికి ప్రతి ఆదివారం దాన్నే దున్నుతున్నాడు. సాలు చివరికి రాగానే వంగి, పిడికెడు మట్టి నలిపి, విత్తడానికి సరిపడా తడి పదునుందో లేదో చూసేవాడు.

“పెద్దయ్యా, ఈసారి ఏం పంట వేస్తున్నారు?” అని అడిగాను.

“ఏం ఏస్త సారూ? మొలకలొస్తే మల్ల ఐతారం ఏడ దున్నాలె?” అన్నాడు మట్టి జారవిడుస్తూ.

వంగితే ముఖం కనబడటం లేదని రిసార్టువాళ్ళు అన్నారు. ఆయన పదును చూసిన చోటల్లా కత్తిరించాను. ప్రకటనలో ఆయన ఎక్కడా ఆగడు, దున్నుతూనే ఉంటాడు.