మాటలక్క సంతకం

మా ఆఫీసు ఒక టైర్ల కొట్టు మీద ఉండేది. కింద గాలి మిషను తిరుగుతున్నంతసేపూ పైన ఒకావిడ నోరు మూసుకుని కూర్చునేది. అది ఆగగానే మళ్లీ మాట్లాడేది. ఆవిడని మేమంతా మాటలక్క అనేవాళ్లం. నిజానికి అంత తక్కువ మాట్లాడే మనిషిని నేను చూడలేదు, ఆ పేరు రావడానికి కారణం వేరే.

మేం తయారుచేసింది పలుకుపెట్టె అనే వస్తువు. పక్షవాతం వచ్చో, గొంతు ఆపరేషను జరిగో మాట పోయినవాళ్ల కోసం. పుస్తకమంత పలక, దాని మీద మాటలూ బొమ్మలూ ఉన్న గళ్లు. వేలితో నొక్కితే పెట్టె మాట్లాడుతుంది. ఆ మాట్లాడే గొంతు అక్కది. మొదట ఆవిడ ఫోన్లు ఎత్తే పనిలో చేరింది. గొంతు స్పష్టంగా ఉందని మా యజమాని ఆవిడని స్టోరు గదిలో దుప్పట్ల మధ్య కూర్చోబెట్టి నాలుగు వేల మాటలు చదివించాడు. ఏడు నెలలు పట్టింది. అందులో సగం కాలం గాలి మిషను ఎప్పుడాగుతుందా అని ఎదురుచూడ్డానికే పోయింది. విడివిడి మాటల్ని అతుకు తెలియకుండా కలిపి వాక్యంలా పలికించే పని నాది. ఆ అతుకు చూసుకుని నేను చాలా మురిసిపోయేవాణ్ణి.

అక్క ఉద్యోగంలో చేరింది జీతం కోసం. గొంతు ఇచ్చింది మాత్రం వాళ్లన్నయ్య కోసం. ఆయన వడ్రంగి. గుబురు మీసం, భారీ మనిషి, అంతకన్నా పెద్ద నోరు. యాభై రెండో ఏట పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా ఒకేసారి పోయాయి. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. అదే అసలు నరకమని అక్క ఒకసారి నాతో అంది. పెట్టె చేతికొచ్చాక ఆయన మళ్లీ తన కొట్లో వచ్చి కూర్చున్నాడు. అడ్డంగా కాదు, నిలువుగా కొయ్యమని ఆ మీసాల మనిషి చెల్లెలి గొంతుతో గద్దిస్తుంటే పనివాళ్లిద్దరూ మొదటి వారం కడుపుబ్బా నవ్వారు. రెండో వారం నుంచి చెప్పినట్టు కోశారు. ఇంట్లో గొడవొస్తే చెల్లెల్ని ఆయన ఆవిడ గొంతుతోనే తిట్టేవాడు.

"నన్ను నేనే తిట్టుకుంటున్నట్టు ఉంటుంది తమ్ముడూ, తిరిగి ఏమనాలో తోచి చావదు," అని అక్క నవ్వేది.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. తమకి కావలసిన మాట పెట్టెలో లేదని ఎవరైనా ఫోను చేస్తే అక్క నోట్‌బుక్కులో రాసుకునేది. టైర్ల కొట్టువాళ్లు భోజనానికి లేవగానే దుప్పట్లలో దూరి అవన్నీ పలికేది. కుక్కల పేర్లు, మనవల ముద్దుపేర్లు, అచ్చు వెయ్యడానికి వీల్లేని తిట్లు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన మూడు రకాల 'ఊఁ'లు అడిగాడు. ఒప్పుకునేది ఒకటి, నమ్మనిది ఒకటి, ఇక చాలు వెళ్లమనేది ఒకటి. అక్క మూడూ తేడా తెలిసేలా పలికి, నాలుగోది కొసరు వేసింది. అన్నయ్య ఉలి, బాడిస, చిత్రిక, మూలమట్టం లాంటి పనిముట్ల పేర్లు అడిగాడు. 'బుర్రుందా నీకు' అన్నది కూడా ఆయన కోరికే.

ఎనిమిదో ఏట పెద్ద కంపెనీ మమ్మల్ని కొంది. దాని పేరుతో ఇక్కడ పని లేదు. ఆ ఏడాది అది కొన్నవాళ్లలో మేం తొమ్మిదోవాళ్లం. అంత కంపెనీ అన్నీ తనే తయారుచేసుకుని అంత పెద్దదయిందని బయటివాళ్లు అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. లోపల చేరాక తెలిసింది. ఎక్కడ చిన్న మొక్క మొలిచినా అది కుండీతో సహా కొనుక్కుపోతుంది, పువ్వు కోసుకుని కుండీని పెరటి గోడ పక్కన పెట్టేస్తుంది. మా దగ్గర పువ్వు నేను కనిపెట్టిన అతుకు. పెట్టె కుండీ. కొనేటప్పుడు ఈ మాట ఎవరూ అనలేదు. ఏదీ మారదని, పెట్టె ప్రపంచమంతా వెళుతుందని మా యజమాని అరచేతిలో వైకుంఠం చూపించాడు. అతను అబద్ధమాడాడని నేననుకోను, అతనికీ ఎవరో అలాగే చూపించి ఉంటారు.

సంతకాల రోజు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. అక్క ముందు నలభై ఒక్క పేజీల కాగితం పెట్టారు. ఆవిడ వేలు పెట్టి మొదటి పేజీ చదువుతూ సగంలో ఆగింది. పక్క కుర్చీలో ఉన్న నా వైపు కాగితాన్ని జరిపింది.

"తమ్ముడూ, నాకు సరిగ్గా బోధపడట్లేదు. ఏముందో కాస్త చూసి చెప్తావా?"

అప్పటికి నా సంతకం అయిపోయింది. కొత్త ఉద్యోగం, పదకొండో అంతస్తులో కిటికీ పక్కన బల్ల. నా కళ్లు నెత్తి మీదున్నాయి. మూడు పేజీలు తిప్పాను. మిగతావి ఒక్క కట్టగా ఎత్తేసి చివరి పేజీ తీసి, సంతకం చెయ్యాల్సిన గీత మీద వేలు పెట్టాను.

"అందరికీ ఇచ్చేవే అక్కా. మామూలే. ఇక్కడ పెట్టేయ్."

ఆవిడ పెట్టేసింది. నేను చదివే చెప్పాననుకుంది.

మూడు నెలల్లో అక్క ఉద్యోగం పోయింది. ఫోన్లెత్తడానికి పెద్ద కంపెనీకి మనుషులు అక్కర్లేదు. శుక్రవారం మాటలు అంతకుముందే ఆగాయి. ఎనిమిదో నెలలో వాడేవాళ్లందరికీ ఒక ఉత్తరం వెళ్లింది. మా ప్రయాణంలో తోడున్నందుకు కృతజ్ఞతలని మొదలుపెట్టి, తొంభై రోజుల్లో పెట్టెలన్నీ ఆగిపోతాయని మూడో పేరాలో చెప్పారు. పెట్టెలు ఎందుకు ఆపుతున్నారని మా పై అధికారిని అడిగాను. మేం కొన్నది మీ ఆరుగురు ఇంజనీర్లనీ ఆ అతికే విద్యనీ, పెట్టెని కాదు కదా అని ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. నేనింక నోరు మెదపలేదు. జీతం బాగుంది మరి.

అక్క ఊరుకోలేదు. మా పెట్టెలాంటిదే ఇంకొకటి తయారుచేస్తున్న భార్యాభర్తల్ని వెతికి పట్టుకుంది. వాళ్లింటి ముందు గదే వాళ్ల ఆఫీసు. అన్నయ్య కోసం తన గొంతు మళ్లీ ఇస్తానంది. వాళ్లు సంతోషించి, పాత కాగితమేదైనా ఉంటే చూపించమన్నారు. ఆ ఇంటావిడ నలభై ఒక్క పేజీలూ కూర్చున్నపళంగా చదివి ఇరవయ్యేడో పేజీ తెరిచి చూపించింది. ఈ గొంతుతో చేసినవీ, ఇక మీదట దీన్నుంచి చేయగలిగినవీ అన్నీ కంపెనీవే. మరో పదేళ్లు ఈ గొంతు ఇంకే మాట్లాడే పరికరానికీ ఇవ్వకూడదు.

అక్క ఆ సాయంత్రం నాకు ఫోను చేసింది. ఇరవయ్యేడో పేజీలో అంత స్పష్టంగా ఉందట, నీకు కనబడలేదా అని మెల్లగా అడిగింది. చట్టం భాష అలాగే మెలికలుగా ఉంటుందన్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నాకు ధైర్యం చాలలేదు.

అన్నయ్యకి ఆ దంపతుల పెట్టెలో ఉన్న ఎవరిదో మగగొంతు ఇప్పించింది. ఆయన రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు, మూడో రోజు పనివాళ్లు ఒక తలుపు వంకరగా బిగిస్తుంటే చూసి ఉండబట్టలేక నొక్కాడు. ఆయనకి సర్దుబాటయ్యాక అక్క తన పాత నోట్‌బుక్కు ముందేసుకుంది. అందులో ఫోను చేసిన ప్రతి ఒక్కరి నంబరూ ఉంది. లెక్కల మాస్టారితో మొదలుపెట్టి ఆరు వారాల్లో ఆరువందల నలభై మందిని ఆ దంపతుల దగ్గరికి చేర్చింది. జీతం లేదు, అడిగినవాడు లేడు. మాట పోయినవాళ్లతో ఫోనులో మాట్లాడటం ఎలాగో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అవతల ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు.

పెద్ద కంపెనీలో ప్రతి సోమవారం మాకొక సమావేశం ఉండేది. ఎదుగుతున్న చిన్న కంపెనీలు ఎవరెవరు, ఎంతమంది వాడుతున్నారు అన్నది గోడ మీద తెరపై గీతల్లో కనబడేది. ఏళ్ల తరబడి నేల మీద పడుకుని ఉన్న ఒక గీత ఆ సోమవారం నిలువుగా లేచింది. ఎవరు వీళ్లు అని మా అధికారి ముందుకు వంగాడు. అది ఎవరి చేతి పనో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అది ఎదుగుదల కాదు, మనం గెంటేసినవాళ్లు వెళ్లి అక్కడ తలదాచుకున్నారని చెప్పొచ్చు. చెప్పలేదు. నాలుగు నెలలకి ఆ దంపతుల్నీ కొన్నారు. వాడేవాళ్లకి మళ్లీ అదే ఉత్తరం, మూడో పేరాలో మళ్లీ అదే తొంభై రోజులు.

"వాళ్ల ఇల్లు నేనే కదా తమ్ముడూ చూపించింది," అంది అక్క ఫోనులో, ఆ గీత సంగతి నేను చెప్పినప్పుడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

తర్వాత ఇంకెక్కడో మూడో చిన్న కంపెనీ ఉందని ఆవిడకి తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ అక్కడికి వెళతారు, వెళితే దాని గీత కూడా లేస్తుంది. తెలిసి కూడా చెప్పకుండా ఉండటం ఆవిడని లోపల్లోపల తినేసింది. లెక్కల మాస్టారి భార్య ఫోను చేసి ఇప్పుడేం చెయ్యమంటారమ్మా అని అడిగితే, తెలియదండీ అని పెట్టేసిందట.

ఆ దంపతుల పెట్టెలూ ఆగిపోయిన నెలలోనే అన్నయ్యని ఆస్పత్రికి తీసుకెళ్లింది. లిఫ్టు ఎక్కగానే పైనుంచి ఒక గొంతు, తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి పక్కకు జరగండి అంది. అది అక్క గొంతు. ఆ వాక్యం ఆవిడ జన్మలో ఎన్నడూ పలకలేదు. ఒక్కో ముక్కా ఎక్కడెక్కడినుంచి తెచ్చి కలిపారో నాకు తెలుసు, ఆ అతుకు నాదే. అన్నయ్య చెల్లెలి వంక చూశాడు, లిఫ్టు కప్పు వంక చూశాడు, పెదాలు కదిపాడు. ఏమనబోయాడో చెప్పడానికి ఆయన చేతిలో ఏ పెట్టే లేదు.

ఈ సంగతి అక్క చెప్పిన ఆదివారం ఇక ఉండలేక ఆయన కొట్టుకి వెళ్లాను. రంపంపొట్టు మీద పొద్దుటెండ పడుతోంది. పని బల్ల మీద నున్నగా చిత్రిక పట్టిన చెక్క ఒకటుంది. దాని నిండా గళ్లు గీసి, గడికో మాట చెక్కించాడు. నూట అరవై మాటలు. అక్క ఆయన భుజం వెనక నిలబడి ఉంది. ఆయన ఎడమచేతి వేలు ఏ గడి మీద పడితే ఆ మాట ఆవిడ పైకి చదువుతోంది. విడి మాటల్ని కలిపి వాక్యం చేసేదీ ఆవిడే. నాకు టీ ఆలస్యమయిందని ఆయన రెండు గళ్లు తట్టాడు. "బుర్రుందా నీకు," అని ఆవిడ తనని తానే అనుకుంది, తొణక్కుండా. మంచైనా చెడ్డైనా ఆయన చూపించిన ఏ మాటా మింగకూడదని మొదటి రోజే ఒట్టు పెట్టుకుందట.

నేను టీ తాగుతూ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని ఏదో సాగదీశాను. ఆయన వినలేదు. ఆయన వేలు చెక్క మీద మెల్లగా నడిచింది. కాగితం. నువ్వు. చదువు. చివరికి ప్రశ్న గుర్తున్న గడి. అక్క ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. తర్వాత ఎక్కడా అతుకు తెలియకుండా అడిగింది.

"ఆ రోజు ఆ కాగితం నువ్వు చదివావా?"

అడుగుతున్నది ఆయనా ఆవిడా అన్నది నాకు తెలియలేదు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"లేదండీ," అన్నాను. "మూడు పేజీలు తిప్పాను. అంతే."

రంపంతో కోస్తున్న పనివాడు చెయ్యి ఆపాడు. అన్నయ్య వేలు కింది వరసకి దిగి, మూల గడి మీద ఆగింది. అక్కడ 'పర్లేదు' అని ఉంది. ఆయన వేలు తియ్యకుండా చెల్లెలి కోసం ఆగాడు. ఇంకోసారి తట్టాడు.

అక్క ఆ గడి వంకే చూస్తూ నిలబడింది. ఆ ఒక్క మాటా ఆవిడ చదవలేదు.