ఎదుటివాళ్ల గోడు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. దొర్కమ్మ నోరు అంత మంచిదేమీ కాదు. అయినా బొయిపరిగుడ చుట్టుపక్కల తగువులన్నీ ఆ నోటి దగ్గరే తీరాయి.

ఆవిడ ఆసుపత్రి నర్సు. తాగి కొట్టుకుని వచ్చినవాళ్లకు కట్లు కడుతూ మొదలుపెట్టింది. ఆవిడ పద్ధతి ఒకటే. ముందు ఎదుటివాడి గోడు నువ్వు చెప్పాలి. "అవును, అదే నా బాధ" అని అతను ఒప్పుకునేదాకా నీ గోడు ఎత్తనివ్వదు. "నోర్ముయ్! ముందు ఆడి బాధేటో సెప్పు" అని గదిమేది. మొగుడూ పెళ్లాల గొడవలయ్యాక వాగు నీళ్ల కోసం ఊళ్లకు ఊళ్లే వచ్చాయి, ఆ తర్వాత భూముల తగువులు. రిటైరయ్యాక రాయగడ నుంచి ఒక సంస్థవాళ్లు కారు పంపి, తగువులు తీర్చే పనిలోకి వచ్చే కుర్రకారుకు ఈ విద్య నేర్పమన్నారు. "ఓలమ్మో, దీనికీ ట్రైనింగులేటి!" అని పకపకా నవ్వి కారెక్కింది మహాతల్లి.

తనదాకా వస్తే గదా తెలిసేది! దామంజోడిలో టెక్నీషియనుగా చేస్తున్న తమ్ముడు క్లెమెంట్ బండి, సంతకు నడిచిపోతున్న సుక్రి అనే కొండ ఆడమనిషిని గుద్దేసింది. కాలు విరిగింది. సుక్రి మనుషులు ఆమెను మంచం మీద మోసుకుని, కర్రలు పట్టుకుని వచ్చారు. మాట తెగకపోతే తమ్ముడి ప్రాణానికే ముప్పు.

"ఈసారి పెద్దమనిషిని నేను కాను" అని అందరికీ చెప్పి, తమ్ముడి పక్కన కూర్చుంది. వాడి తరఫున సుక్రి గోడు వాడికి సరిగ్గా రాని, ఆ కొండవాళ్ల దేశియా భాషలో తనే ఎత్తుకుంది. కాలు పోయింది, నాట్ల అదను పోయింది, ఇంట్లో పొయ్యి రాజేసే దిక్కు లేదు.

మంచం మీది సుక్రి తల అడ్డంగా ఊపింది. "అది కాదు."

మళ్లీ చెప్పింది. మళ్లీ అదే జవాబు.

దొర్కమ్మ తమ్ముడి వైపు తిరిగింది. వాడు తల దించేసుకున్నాడు.

"ఒరే, నాకు సెప్పనిదేటైనా ఉందేటి?"

దొర్కమ్మ లేచింది. కర్రల మధ్య నుంచి నడిచి, అవతల సుక్రి మంచం పక్కన చతికిలబడింది.

"నువ్వే సెప్పు, తమ్ముడా. ఇంక నీ తరఫున నేను లేను."

క్లెమెంట్ తల ఎత్తకుండానే చెప్పాడు. "ఆగలేదప్పా. ఆవిడ పిలుస్తానే ఉంది. నేను బండాపకుండా ఎలిపోనాను."

దొర్కమ్మ కళ్లు తుడుచుకుని, ఆ మాటను దేశియాలో చెప్పింది.

"అవును, అదే నా బాధ" అంది సుక్రి. క్లెమెంట్ వైపు చూసింది. "ఇంక నీది చెప్పు, వింటాను."