రామేశ్వరం శంఖం

రామేశ్వరం దీవి, నీలి సముద్రం అని ఎవరైనా మురిసిపోతే నేను ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను. తొంభైలలో శంషాబాద్ నుంచి నేను అక్కడికి బయల్దేరుతుంటే అమ్మ గట్టిగా చెప్పింది: "దుకాణంల శంఖం వద్దు బిడ్డా, సముద్రంల పుట్టిందే తే."

ఒడ్డున ఒక జాలరి అప్పుడే వలలోంచి తీసిన శంఖాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాను. రైల్లోనే నీచు వాసన కొట్టింది. సముద్రం వాసన కాబోలనుకున్నాను, తెలివితక్కువ వెధవని!

అమ్మ దాన్ని కడిగి, బొట్టు పెట్టి, దేవుడి పటాల ముందు పెట్టింది. మర్నాటికి ఇల్లంతా కుళ్లు కంపు. ఎలుక చచ్చిందేమోనని మంచాల కింద, బియ్యం డబ్బా వెనక వెతికాం. "ఇంకో రెండు అగర్‌బత్తీలు ముట్టియ్యి" అంది అమ్మ. ఆ పొగా కంపూ కలిసి ముద్ద గొంతు దిగలేదు.

మూడో రోజు, పక్క వాటాలో కిరాయికున్న కోస్తా ఆవిడ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. శంఖాన్ని చూసి, "లోపలి నత్తను తీయించకుండానే తెచ్చేశారా అండీ?" అంది.

శంఖాన్ని బోర్లించాను. నల్లటి జిగురు బొట్లుబొట్లుగా పళ్లెంలో పడింది.

ఆ మూడు రోజులూ పొద్దున్నే మేమందరం కళ్లకద్దుకుని తాగింది అందులో పోసిన తీర్థమే.